నడుము మీది గీత

నా కుడిచెయ్యి ఒకటి నా దగ్గరుంది. ఇంకో నూట పన్నెండు కుడిచేతులు రాష్ట్రంలో ఆడపిల్లల క్రీడా హాస్టళ్ళలో భోజనాల గది గుమ్మాల దగ్గర నిలబడి ఉన్నాయి. ఈ మాట మా వీధిలో చెబితే "రత్నమ్మకి మతి చలించింది" అంటారు. అననీండి. అరవై నాలుగేళ్ళు వచ్చాయి గాని మతి ఎక్కడికీ పోలేదు. పోయుంటే బావుండునని ఒకరోజు అనిపించింది. ఆ రోజు సంగతే చెబుతున్నాను.

నా పేరు కనకరత్నం. విశాఖపట్నంలో ఒక ఆడపిల్లల కాలేజీ పోషకాహార ప్రయోగశాలలో ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను. నా పని గిచ్చడం. నవ్వకండి, జీతమిచ్చి మరీ గిచ్చించారు. బొటనవేలితో, చూపుడువేలితో చర్మాన్ని కండ నుంచి విడదీసి పైకి లాగాలి. ఆ మడత మందాన్ని పట్టకారులాంటి కాలిపర్‌తో కొలవాలి. దండచెయ్యి ముందు, దండచెయ్యి వెనక, వీపు రెక్క కింద, నడుము ఎముక పైన. ఈ నాలుగు అంకెలనూ ఒక సూత్రంలో వేస్తే ఆ పిల్ల ఒంట్లో కొవ్వు ఎంత శాతమో వస్తుంది. పట్టు తెలియనివాళ్ళు గిచ్చితే మడతతోపాటు కండ కూడా లేచొస్తుంది. నా పట్టు ఒక్కనాడూ తప్పలేదు. ఆ సూత్రం కట్టినావిడ డాక్టర్ శశిరేఖ. నేను రిటైరయ్యే ముందు ఏడాది ఆవిడే నా చేతికి సన్నటి తీగల తొడుగు తొడిగి, వెయ్యిమంది పిల్లల్ని గిచ్చించి, నా ఒత్తిడినీ ఒడుపునూ యంత్రానికి నేర్పించింది.

యంత్రమంటే ఏమీ లేదు, ఒక స్తంభానికి మోచెయ్యి దాకా చెయ్యి. గోరువెచ్చటి రబ్బరు వేళ్ళు. గిచ్చేముందు పిల్ల బిగుసుకుపోకుండా బొటనవేలితో రెండుసార్లు తట్టడం నా అలవాటు. అది కూడా దించేశారు. దానికి ఏదో పొడుగాటి పేరు పెట్టారు గాని పిల్లలు గిచ్చుడమ్మ అంటారు. పొద్దున్నే పిల్ల దాని ముందు నిలబడాలి. నాలుగు గిచ్చులు, ఒక అంకె. ఆ అంకెను బట్టి పక్కనున్న కిటికీలోంచి పళ్ళెం బయటికొస్తుంది. పరుగు పిల్లలకి పద్దెనిమిది, బరువులు విసిరే పిల్లలకి ఇరవై నాలుగు. అంకె దాటితే పళ్ళెంలో కోత.

ఏడాదికోసారి నేను నీలాపురం హాస్టలుకు వెళ్ళి, పదిమంది పిల్లల్ని నా చేత్తో కొలిచి, గిచ్చుడమ్మ అంకెతో సరిపోల్చి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడకపోతే నూట పన్నెండు చేతులూ ఆగిపోతాయి. అలాంటి షరతు శశిరేఖే పెట్టించింది, నామీద గౌరవంతో. నాలుగేళ్ళు గర్వంగా సంతకం పెట్టాను. మా మనవరాలు నీలవేణిని ఆ హాస్టల్లో చేర్పించిందీ నేనే. పదిహేను వందల మీటర్లు పరిగెడుతుంది. "నా చెయ్యి అక్కడే ఉందే, దానికి లోటేమిటి?" అని మా అమ్మాయిని ఒప్పించాను. పెద్ద మాట. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

అయిదో ఏడు తనిఖీకి వెళ్ళినప్పుడు వేణికి పదిహేడు నిండాయి. పోటీలని, శిబిరాలని అది ఎనిమిది నెలలుగా ఇంటికి రాలేదు. ఫోనులో మాత్రం ముఖం చూపించేది, అదీ మెడ దాకానే. వరసలో నిలబడ్డ పిల్లల్లో దాన్ని నేను పోల్చుకోలేదు. మూడో పిల్ల నన్ను చూసి తల తిప్పుకుంది. ఎవరీ పొగరుబోతు అనుకున్నాను. అది మా వేణి.

గిచ్చుడమ్మ దాన్ని రెండుసార్లు తట్టింది, నాలుగుచోట్ల గిచ్చింది. ఇరవై పాయింట్ ఆరు. కిటికీలోంచి రెండు ఇడ్లీలు, పల్చటి సాంబారు వచ్చాయి. చట్నీ లేదు, గుడ్డు లేదు.

"ఏటే, ఇదేనా తిండి?"

"ఇరవై ఒచ్చింది కదమ్మమ్మా. పద్దెనిమిదికి దిగాల," అంది వేణి. గొంతులో సిగ్గుంది, ఎవరిదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు.

నేను కాలిపర్ తీసి దాన్ని పక్కకి లాక్కెళ్ళాను. చేతి వెనక గిచ్చాను. నా వేళ్ళకి ముప్ఫై మూడేళ్ళుగా ఆడపిల్లలు తెలుసు. ఆ మడతలో చర్మం తప్ప ఇంకేమీ లేదు. వీపు రెక్క కిందా అంతే. నడుము దగ్గర మాత్రం కాస్త మడత తేలింది. అంకెలు గిచ్చుడమ్మ చెప్పినవే, ఒక వెంట్రుకవాసి తేడా లేదు. అంకె తప్పు కాదు. కాని నా వేళ్ళు మాత్రం ఈ పిల్ల ఒంట్లో పదమూడు కూడా ఉండదని మొత్తుకున్నాయి.

"నెలసరి వస్తోందా?" అని అడిగాను.

"అబ్బా, ఇక్కడా?"

"ఇక్కడే. చెప్పు."

"ఏడు నెల్లయింది. అందరికీ అంతే. పరుగు బాగుంటే ఆగిపోద్దని మా కోచ్ అంటాది."

"కాలెందుకు ఈడుస్తున్నావు?"

"ఎముకలో సలుపు. తగ్గిపోద్ది."

వంగి పిక్క ముందు ఎముక మీద వేలు పెట్టానో లేదో పిల్ల కెవ్వుమంది. ఎముక బీట వారిందని తరవాత ఎక్స్‌రేలో తేలింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఒక్కటే. పదిహేడేళ్ళ పిల్లని ఎవరో పొట్ట మాడ్చి చంపుతున్నారు.

"గొడవ సెయ్యకమ్మమ్మా, నీకు దణ్ణవెడతాను," అంది వేణి నా చెయ్యి పట్టుకుని. "ఎల్లుండి జాతీయ శిబిరానికి ఎంపిక. పద్దెనిమిదికి దిగితే సాలు. నాను నీళ్ళు కూడా తగ్గించీసినాను. అయినా ఇది నీ చెయ్యే కదేటి? నీ చెయ్యి అబద్దమాడతాదా?"

కాలిపర్ సంచిలో పడేశాను.

దానికి టీషర్టు కిందికి లాగి సర్దబోయాను. అప్పుడు కనబడింది, దాని నడుము. నున్నగా ఉంది, కడిగిన పలకలా. చిన్నప్పటి నుంచీ లాగులూ ప్యాంట్లూ, అన్నీ సాగే పట్టీలవే. ఒక గీత లేదు, మచ్చ లేదు. నా చెయ్యి దానంతటదే నా చీరకుచ్చిళ్ళ పక్కకి పోయింది. అక్కడ లంగా బొందు ఒరిపిడికి నలభై ఏళ్ళుగా పడ్డ నల్లటి గీత, వేలు పట్టేంత లోతు. రోజూ సాయంత్రం బొందు వదులు చేసి హాయిగా గోక్కునే గీత.

అక్కడే బల్లమీద కూలబడ్డాను.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందటి మాట. శశిరేఖ అప్పుడు డాక్టరు కాదు, పరిశోధన చేసుకునే బక్కపల్చటి పిల్ల. విదేశీ ఆడవాళ్ళ మీద కట్టిన సూత్రం మన పిల్లలకి పనికిరాదని, మనకో సూత్రం కడతానని పంతం పట్టింది. కాలేజీ వెనక ఒక సిమెంటు తొట్టి కట్టించింది. పిల్లని నీళ్ళలో ముంచి తూచితే ఒంట్లో కొవ్వు ఎంతో ఖచ్చితంగా తెలుస్తుంది. ముందు నేను నాలుగుచోట్ల గిచ్చి కొలవాలి, తరవాత తను తొట్టిలో తూచాలి. రెండిటినీ ముడిపెడితే సూత్రం. రోజుకి నలభైమంది పిల్లలు. అందరివీ లంగా ఓణీలే, చీరలే. నడుము కొలత దగ్గరికి వచ్చేసరికి బొందు కాస్త కిందికి జరపమనేదాన్ని. జరిపేవాళ్ళు. సరిగ్గా కొలవాల్సిన చోట బొందు నొక్కిన గాడి ఉండేది, ఎర్రగా, లోపలికి. అందులో మడత పల్చగా లేచేది.

బొందు వదులు చేయించి అరగంట కూచోబెడితే గాడి పూడుతుంది. అది నాకు తెలుసు. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కాని బయట వరస ఉంది, పన్నెండున్నరకి నా బస్సుంది.

"రత్నం గారూ, ఈ గీత మీదే కొలిస్తే పరవాలేదా?" అని శశిరేఖ ఒకటికి రెండుసార్లు అడిగింది.

"అందరికీ ఉన్నదే గదమ్మా! ఎవరికి లేదు చెప్పండి?" అన్నాను.

నిజమే, అప్పుడు అందరికీ ఉంది. తొట్టి నిజం చెప్పింది, నడుము అబద్ధం చెప్పింది, సూత్రం ఆ రెంటికీ పెళ్ళి చేసింది. నడుము మడత ఇంత పల్చగా ఉంటే ఒంట్లో కొవ్వు మామూలుగా ఉన్నట్టు అని లెక్క కుదిరింది. ఇప్పుడు గీత లేని నడుముతో పిల్ల వస్తే, మడత ఉండాల్సినంతే ఉన్నా గిచ్చుడమ్మ గుండెలు బాదుకుంటోంది, కొవ్వు కొవ్వు అని. నాలుగేళ్ళుగా కొన్ని వేలమంది పిల్లల పళ్ళాల్లోంచి గుడ్డు తీసేసింది నా తొందర. నేను ఏటా వచ్చి అంకెలు పోల్చి సంతకం గీకి, కాఫీ తాగి వెళ్ళాను. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. పరాయి పిల్లలే అయితే ఈ ఏడూ గీకి వెళ్ళేదాన్నే.

అనుకోవడం వేరు, చూపించడం వేరు. సంచిలో రేపటికి తెచ్చుకున్న లంగా ఉంది. దాని బొందు పిన్నీసుతో లాగి తీశాను.

"నాను కట్టుకోను," అంది వేణి. "నాకు మోసం సెయ్యక్కర్లేదు."

దాని గదిలో ఉండే పిల్ల గౌరీశ్వరి ముందుకొచ్చింది. డిస్కస్ విసిరే పిల్ల, మంచి ఒడ్డూ పొడవూ. ఆ పొద్దున దానికి ఇరవై ఏడు వచ్చింది, దాని పళ్ళెంలో ఇడ్లీ ఒకటే. "నాకు కట్టండి మామ్మగారూ. గుడ్డొస్తాదంటే గుదిబండైనా కట్టీసుకుంటాను," అంది.

పాత రోజుల్లో మేము కట్టుకున్నట్టే ఊపిరి బిగబట్టించి కట్టాను. గంటసేపు అటూ ఇటూ తిరగమన్నాను. పిల్లలందరూ మైదానం మానేసి అక్కడే మూగారు. గంటకి బొందు విప్పి, గాడి ఎర్రగా ఉండగానే దాన్ని గిచ్చుడమ్మ ముందు నిలబెట్టాను. రెండు తట్లు, నాలుగు గిచ్చులు. ఇరవై రెండు పాయింట్ ఆరు. కిటికీలోంచి పెసరట్టు, ఉప్మా, రెండు గుడ్లు, గ్లాసుడు పాలు బయటికొచ్చాయి.

"గంటలో నాలుగు శాతం కొవ్వు ఎక్కడికి పోయిందే గౌరీ?" అని ఎవరో అరిచారు. ఇంక చూడండి, పిల్లల గోల! గౌరీశ్వరి మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా గుడ్డు ఒలుచుకుంటోంది. నవ్వని పిల్ల ఒక్కతే, మా వేణి. ఏడు నెలలుగా తాను మాడ్చుకున్న కడుపు వైపు చూసుకుంటోంది. ఆ చూపు నామీదికి తిరిగింది. అంత అసహ్యంగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు.

వార్డెన్ ఫోను చేస్తే సాయంత్రానికి శశిరేఖ కారు దిగింది. నెరిసిన జుట్టు, కంచి పట్టుచీర, చుట్టూ ఫైళ్ళు. వార్డెన్ గదిలో తలుపు వేసుకుని కూచున్నాం. నేను చెప్పిందంతా విని ఆవిడ ఆశ్చర్యపోలేదు. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

"మీకు తెలుసా?"

"రెండేళ్ళ కిందట అనుమానం వచ్చింది. హాస్టళ్ళ కమిటీకి రాశాను. మూడేళ్ళు పడుతుందన్నారు. కొత్త తొట్టెలు, కొత్త పిల్లలు, కొత్త సూత్రం. ఈలోగా అన్నీ ఆపేస్తే యంత్రాల మీద ఎవరికి నమ్మకముంటుంది రత్నం గారూ?"

"పిల్లలకి ఎముకలు విరుగుతున్నాయి తల్లీ."

"అందుకే ఒక ఉపాయం ఆలోచించాను. కొలతకి ముందు గంటసేపు అందరికీ నడుముకి పట్టీ కట్టిస్తాం. మీరు ఇవాళ చేసినట్టే. సూత్రం మార్చక్కర్లేదు, పరిస్థితులు సూత్రానికి సరిపోతాయి."

నేను నవ్వాను. ఏడవలేక నవ్వడమంటే అదే కాబోలు. "తలకి తగ్గ టోపీ కొనండమ్మా అంటే, టోపీకి తగ్గట్టు తల చెక్కుతానంటారా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఆ రోజు నేను అడిగాను. గుర్తుందా? రెండుసార్లు అడిగాను. పరవాలేదన్నది ఎవరు?"

"నేనే."

"మరి ఇవాళ అందరి ముందూ నన్ను దోషిని చేసి నిలబెట్టింది ఎవరు? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టె ఒక దారి. మీకెప్పుడూ అంతే." రిజిస్టరు నా ముందుకు తోసింది. "చెయ్యీ యంత్రమూ ఒకే అంకె చూపిస్తున్నాయా లేదా? అంతవరకే మీ పని. సంతకం పెట్టండి. లేకపోతే ఈ ఏడాది కొలతలేవీ చెల్లవు. ఎల్లుండి ఎంపికలో మన హాస్టళ్ళ పిల్ల ఒక్కతీ ఉండదు. మీ మనవరాలితో సహా."

తలుపు అవతలే నిలబడి వింటోంది కాబోలు, వేణి లోపలికి వచ్చేసింది. కాలీడ్చుకుంటూ వచ్చి నా ముందు నేలమీద కూచుంది.

"అమ్మమ్మా, పెట్టీ. ఒక్క సంతకం. నాను బొందు కట్టుకుంటాను, మోసమన్నాను గాని కట్టుకుంటాను. ఏది సెప్పితే అది తింటాను. నాలుగేళ్ళు పొద్దున్నే నాలుగ్గంటలకి లెగిసి పరిగెట్టినాను. తప్పు నువ్వు సేసి, సిచ్చ నాకేటి?"

సమాధానం చెప్పండి చూద్దాం ఎవరైనా. కిందకి చూస్తే దాని మోకాళ్ళు కనబడ్డాయి, చెరుకు కణుపుల్లా. ఈ కాలితో శిబిరానికి పంపితే ఈ పిల్ల ఇంక ఎప్పటికీ పరిగెత్తదు. పంపకపోతే ఈ పిల్ల ఇంక ఎప్పటికీ నాతో మాట్లాడదు. కలం తీసుకున్నాను. వేణి ముఖం విప్పారింది.

సంతకం చోట ఇలా రాశాను: "ఈ చెయ్యి నాది. గీత మీద గిచ్చింది నేను. పూడేదాకా ఆగనిది నేను. కొలత సరైనది, లెక్క తప్పు. యంత్రం తనిఖీలో తప్పింది." కింద పేరు, తేదీ.

శశిరేఖ ఆ పేజీ చదివి చింపబోయింది. చింపడానికి వీల్లేదని ఆవిడకీ తెలుసు, ప్రతి పేజీకీ నంబరుంది, ఆ నంబర్లు వేయించిందీ ఆవిడే. వేణి లేచి, గోడ పట్టుకుని, కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు నూట పన్నెండు చోట్ల గిచ్చుడమ్మ చెయ్యి కిందికి వాలిపోయింది. వంటవాళ్ళు పాతకాలంలోలా గరిటెలతో వడ్డించారట. గౌరీశ్వరి ఫోను చేసి, తను మూడు పెసరట్లు తిన్నానని, తన అంకె తనకి తెలియకపోవడం ఎంత హాయిగా ఉందోనని చెప్పింది. పేపర్లో శశిరేఖ మాట వేశారు: "ఒక పాత ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల." అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం రాయమని నేను పేపరుకు నాలుగు ఉత్తరాలు రాశాను. వెయ్యలేదు. అయిదోది రాస్తున్నాను.

ఎంపిక జాబితాలో వేణి పేరు లేదు. కాలికి కట్టుతో మా ఇంటికే వచ్చింది. వాళ్ళమ్మకి ఉద్యోగం, పగలు చూసుకోవడానికి నేనే దిక్కు. దిక్కుమాలిన దిక్కు. గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. పొద్దున రాగిజావ, పదింటికి రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పూ నెయ్యీ, సాయంత్రం వేరుశనగ ఉండలు. పళ్ళెం గుమ్మంలో పెట్టి పక్కకి తప్పుకునేదాన్ని. నేనుంటే తినదు. మొదటి వారం సగం వెనక్కొచ్చేది. తరవాత పావు. ఒకరోజు పళ్ళెం ఖాళీగా వచ్చింది, కానీ మాట రాలేదు. నేను పలకరిస్తే వాళ్ళమ్మతో అనేది, "ఆవిడని ఊరుకోమను." ఆవిడ! ఎత్తుకుని పెంచిన పిల్ల నన్ను ఆవిడ అంటే ఎలా ఉంటుందో మీకేం తెలుసు.

ఎన్నోసార్లు అది నిద్రపోతున్నప్పుడు దండచెయ్యి గిచ్చి చూద్దామని వేళ్ళు లేచేవి. మడత పెరిగిందో లేదో ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. గిచ్చలేదు. ఇంక ఈ చేత్తో ఎవరినీ గిచ్చనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నిలుపుకోవడం కొలతలన్నిటికన్నా కష్టమైంది.

అది ఇంటికి వచ్చిన డెబ్భై మూడో రోజు. పదకొండు గంటల వేళ, పెరట్లో చింతకాయలు దంచుతున్నాను. వెనక కర్ర చప్పుడైంది. వేణి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది, ముఖం చిట్లించుకుని. బుగ్గల్లో కాస్త నెత్తురు కనబడుతోంది. నాతోనా, నా వెనక గోడతోనా అన్నట్టు చూస్తూ అంది.

"ఇంట్లో ప్యాడ్లున్నాయేటి?"

రోకలి నా చేతిలోంచి జారి రోటి అంచుకి తగిలింది. తొమ్మిది నెలల తరవాత నెలసరి! నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. చింతకాయ చేతులతోనే ముఖం తుడుచుకున్నాను. కళ్ళు భగ్గుమన్నాయి.

"నవ్వకు," అంది వేణి కోపంగా. "నీతో మాటాడ్లేదు. ఉన్నాయో లేదో అడిగినానంతే."

"బీరువాలో, పై అరలో," అన్నాను.

వెళ్ళిపోయింది. కర్ర చప్పుడు వసారా దాటి గది దాకా వినిపించింది. నేను కళ్ళు కడుక్కుని మళ్ళీ దంచడం మొదలుపెట్టాను.